సగం ఒట్టు

అయినా చెయ్యి కాలదు. కాలదనే అందరూ అంటారు. కర్పూరం మంట మీద అరచెయ్యి గట్టిగా ఆనించేస్తే గాలి అందక మంట చచ్చిపోతుంది, ఇందులో మహిమేమీ లేదు, తను ఏళ్ళ తరబడి మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా కొత్తగా చేరినవాళ్ళని వరసగా కూర్చోబెట్టి చెప్పిన మొదటి పాఠమే ఇది, మంటకి మూడు కావాలి, కాలే సరుకు, వేడి, గాలి, మూడింట్లో ఏ ఒక్కటి తీసేసినా మంట లేదు, అని చెప్పి వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లించి చూపించేవాడు, వాళ్ళు ఆవలింతలు ఆపుకుంటూ చూసేవాళ్ళు. కాబట్టి భయం చేతి గురించి కాదు. అలా తేల్చుకున్నాక శ్యాంప్రసాద్ కుడి అరచెయ్యి తెరిచి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. కారులో ఏసీ నడుస్తోంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి, అయినా చేతి గీతల్లో చెమట సన్నగా మెరుస్తోంది. జాతకం చెప్పమని ఎవరో తన ముందు చాపిన చెయ్యిలా ఉంది అది. చొక్కాకి తుడుచుకుందామనుకుని, తెల్లచొక్కా, మరక పడితే ఫోటోల్లో కనిపిస్తుందని, సీటుకి తుడుచుకున్నాడు.

కారు పాలకేంద్రం గోడ నీడలో ఆపారు. ఎదురుగా మరిడమ్మ గుడి, చూడకూడదనుకున్నా చూపు వెళ్ళి తగిలేటంత దగ్గరలో. గుడంటే పెద్దదేం కాదు, ఒక గది, దాని ముందు రేకుల పందిరి, పందిరి గుంజలకి ఎప్పుడో కట్టి ఎండిపోయిన మామిడాకులు. ఆడవాళ్ళు వాకిలి కడుగుతున్నారు. ఎండ వాలితే గాని కర్పూరం వెలిగించరట, అందాకా అభ్యర్థిగారు కారులోనే చల్లగా కూర్చోవచ్చని ఊరివాళ్ళే అన్నారు, మర్యాదగానే అన్నారు. మర్యాదగానే ఇంకో మాట కూడా అన్నారు, ఆ మైకు పాట కొంచెం ఆపించండి బాబూ, ఒట్టు దగ్గర పాటలుండకూడదు. చోడవరం చుట్టుపక్కల ఇన్నాళ్ళుగా తిరిగిన ఏ ఊళ్ళోనూ పాట ఆపమని ఎవరూ అనలేదు. ప్రచారపు ఆటో మీద ఉన్న మైకు పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ తన పేరు పాడుతూనే ఉంటుంది, స్నానం చేస్తున్నా వినబడుతుంది, అన్నం తింటున్నా వినబడుతుంది, మొదట్లో సిగ్గేసేది, తర్వాత విసుగేసేది, ఇప్పుడది ఆగిపోయేసరికి చెవుల్లో ఏదో లోటు. ఆ పాటలో ఉన్న శ్యాంప్రసాద్, పేదల పెన్నిధి, చదువుల తండ్రి, కొండంత అండ, అతను పాటతో పాటే ఎక్కడికో వెళ్ళిపోయాడు. మరి కారులో కూర్చున్నది ఎవరు.

ఇదంతా ఒక్క మాట వల్ల వచ్చింది. కొన్నాళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఈ పాలకేంద్రం ముందే, జీపు మీద నిలబడి తన ప్రాధాన్యాలు చెబుతున్నాడు. వడ్డాది రోడ్డు గురించి చెప్పాడు, జనం విన్నారు. చెరకు ధర గురించి చెప్పాడు, విన్నారు. ఇంటింటికీ కుళాయి నీళ్ళు, చోడవరం ఆసుపత్రికి పిల్లల డాక్టరు, కొండవైపు పల్లెల నుంచి పురిటి మనుషుల్ని తీసుకురావడానికి మంచి దారి. అన్నీ విన్నారు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు పక్కవాడి ఫోను మాటలు విన్నట్టు విన్నారు. ఆ మొహాల్లోని ఖాళీ చూసేసరికి తన లోపల కూడా అలాంటి ఖాళీయే ఒకటి తెరుచుకుంది. అప్పుడు వెనక నుంచి ఎవరో అడిగారు, మెట్ట మీదకి మందుల ఫ్యాక్టరీ వస్తందంట, దాని మాటేటి అని. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే దగ్గి, మంచినీళ్ళు తాగి, పరిశీలిద్దాం అనేవాడు. నోరు దానంతటది అనేసింది, రానివ్వను, మరిడమ్మ తల్లి మీద ఒట్టు. ఒక్కసారిగా చప్పట్లు. ఈలలు. ఎవరో జీపు బోనెట్ మీద చేత్తో దరువేశారు. ఒంట్లోకి వెచ్చగా ఏదో పాకింది, చలికాలంలో బెల్లం పొయ్యి దగ్గర నిలబడ్డట్టు. విశాఖపట్నంలో ఇన్నేళ్ళు బతికినవాడికి ఒట్టు ఒక ఊతపదం, టీ దుకాణంలో ఒట్టు, ఆఫీసులో ఒట్టు, నిన్న సినిమా చూడలేదురా ఒట్టు. పుట్టిన ఊరు ఇక్కడికి కూతవేటు దూరమే, చిన్నప్పుడు ఈ గుడి ముందు ఆడుకున్నవాడే, అయినా ఇక్కడ ఆ మాటకి ఇంకా బరువుందని మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ చోడవరంలో అతను అద్దెకి దిగిన ఇంటికి వచ్చింది. గుడి చూసుకునే మనిషి, తల నెరిసింది గాని నడుం వంగలేదు. కాఫీ ఇస్తే తీసుకోలేదు. కొంగున కట్టి తెచ్చిన పసుపు అక్షింతలు అతని చేతిలో పోసి, వచ్చిన పని చెప్పింది. నోటితో అన్నది సగం ఒట్టేనట. అమ్మోరి ముందు కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పితేనే పూర్తవుతుందట. కొందరికి గుర్తుండదని తనే పిలుపుకి వచ్చిందట.

"సగం ఒట్టు ఊళ్ళో ఒగ్గీసి ఎల్లిపోకూడదు బాబూ," అంది గుమ్మం దిగుతూ. "అది ఊరికీ మంచిది కాదు, నీకూ మంచిది కాదు. వచ్చి పూర్తి సేసీ."

ఆ చెప్పడంలో బెదిరింపు లేదు. గ్యాసు పొయ్యి కట్టెయ్యడం మరిచిపోయినవాణ్ణి వెనక్కి పిలిచినట్టు చెప్పింది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. తిడితే ఎదురు చెప్పవచ్చు, బెదిరిస్తే పోలీసులున్నారు, ఇంత నెమ్మదిగా చెబితే ఏం చెయ్యాలి.

కారు తలుపు తెరుచుకుంది, వేడిగాలితో పాటు లక్ష్మీనరసింహం గారు లోపలికి వచ్చి పక్కసీట్లో కూర్చున్నారు. చోడవరంలో పాతకాలపు కుటుంబం, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు, పార్టీవాళ్ళు శ్యాంప్రసాద్‌కి సలహాదారుగా ఆయన్ని పెట్టారు. ప్రసంగాలన్నీ ఆయన రాసినవే. రోడ్డు, చెరకు, నీళ్ళు, ఆసుపత్రి, బడి, ఉద్యోగం, ఈ వరస ఆయన పెట్టిందే, ఉద్యోగం చివర్న రావాలి, చివర్న వచ్చిందే జనం ఇంటికి తీసుకెళ్తారు అని ఆయన సిద్ధాంతం. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుని, జిల్లా ఇన్‌ఛార్జి మళ్ళీ ఫోన్ చేశాడని చెప్పారు. చెప్పిందే మళ్ళీ చెప్పాడట. నామినేషన్లు ఇంకా మొదలవలేదు, పార్టీ అభ్యర్థి ఇతనే అని చెప్పే బీఫారం ఇంకా ఇన్‌ఛార్జి బీరువాలోనే ఉంది. మందుల ఫ్యాక్టరీ పార్టీ తెస్తానన్న పెద్ద ప్రాజెక్టు. జీపు మీది మాట నోరు జారిందని సర్దుకుంటారట, దాని పేరెత్తి శ్యాంప్రసాద్ గుడి ముందు ఒట్టు పూర్తి చేసిన వీడియో ఒక్కటి బయటికి వచ్చినా బీఫారం ఇంకొకరికి వెళ్తుంది. వెయ్యకుండా వెళ్ళిపోతే ఈ ఊరితో పాటు మెట్ట చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ పోతాయి, అప్పుడు బీఫారం ఉన్నా గెలవడు.

"ఏవిటోయ్ ఆ మొహం," అన్నారు లక్ష్మీనరసింహం గారు. "ఒట్టంటే ఏవిటి, మేనిఫెస్టోకి వీళ్ళు పెట్టుకున్న పేరు. మనకి కావలసింది మంచి డ్రాఫ్టు. ఈ ఊరికి చెడు చేసేది దేన్నీ రానివ్వను, అనెయ్. ఫ్యాక్టరీ మాట ఎత్తకు. చెడు ఏదో, మంచేదో తర్వాత కమిటీ వేసి తేలుద్దాం."

"కమిటీ సంగతి అమ్మోరికి తెలుసునంటారా?" అన్నాడు శ్యాంప్రసాద్.

ఆయన పకపకా నవ్వారు. బాగుందోయ్, ఇది స్టేజీ మీద పనికొస్తుంది అని, నీళ్ళసీసా చేతిలో పెట్టి, మళ్ళీ ఎండలోకి దిగి వెళ్ళిపోయారు. తలుపు మూసుకోగానే ఆయన మాట మాత్రం కారులోనే ఉండిపోయింది. ఊరికి చెడు చేసేది దేన్నీ రానివ్వను. అందులో అబద్ధం ఎక్కడుంది. ఏ ముక్కకి ఆ ముక్క విడదీసి చూస్తే అన్నీ నిజాలే. మరి నిజాలన్నీ కలిపి కుట్టాక అబద్ధం ఎలా అవుతుంది. ఆ వాక్యాన్ని నోట్లో తిప్పి చూసుకున్నాడు, నున్నగా ఉంది, ఎక్కడా గుచ్చుకోలేదు, మాడుగుల హల్వాలా నమలకుండానే గొంతులోకి జారిపోయేటట్టుంది. గుచ్చుకోకపోవడమే భయంగా అనిపించింది. నెలకో రెండు నెలలకో ఇలాంటి వాక్యాలు తనే తయారు చెయ్యగలడు, ఏడాది తిరిగేసరికి ఇలాంటి వాక్యాలు తప్ప మరేవీ తయారు చెయ్యలేడు.

అమ్మ ఏమందంటే, అమ్మ మాట తలుచుకోకూడదనుకున్నాడు గాని అది వచ్చేసింది, మూసిన తలుపుల సందుల్లోంచి దుమ్ము వచ్చినట్టు. కూర్మన్నపాలెంలో తన ఫ్లాటులో మనవరాలికి జడ వేస్తూ రాజులమ్మ ఫోనులో మాట్లాడింది. ఎలక్షన్ గురించి ఎప్పుడూ ఒక్క మాట అడగని మనిషి, అన్నం తింటన్నావా అని తప్ప. జీపు మీద ఒట్టు వేసిన వీడియో ఎవరో చూపించారట.

"ఒరే శ్యామూ, ఒట్టెయ్యకురా," అంది. "నీకు గుంటుంది."

అంతే అంది, గుంటంటే ఆడపిల్ల. అటు నుంచి ప్రత్యూష, అబ్బా నాన్నమ్మా గట్టిగా లాగుతున్నావు, అనడం వినబడింది. జడ బిగించినట్టుంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ అబ్బా అన్న చిన్న గొంతు చెవిలోనే ఉంది. నమ్మకాలు లేవు తనకి. ఒట్టు తప్పితే పిల్లలకి తగులుతుందన్నది భయంతో మనుషుల్ని అదుపులో పెట్టుకోవడానికి పూర్వీకులు చేసుకున్న ఏర్పాటు, ఇంతకంటే చక్కగా దాన్ని విడమర్చి చెప్పగలడు. విడమర్చి చెప్పుకున్నాడు కూడా, రాత్రంతా. మనసుకి అర్థమైంది. ఒంటికి అర్థం కాలేదు. పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసి ప్రత్యూష స్కూలుకి ఎలా వెళ్ళిందని అడిగాడు. ఆటోలోనే వెళ్ళింది, రోజూ వెళ్ళినట్టే. ఆటోవాడు మెల్లగా నడుపుతాడా అని అడిగాడు. భార్య ఒక క్షణం ఆగి, ఏమైంది మీకు అంది. ఏమీ కాలేదు. ఇంకా ఏమీ కాలేదు. ఆ ఇంకా అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది. తను అనలేదు, అది తనలో అనుకోబడింది. ఎవరు అనుకున్నారు.

గుడి పక్కనుంచి పొగ లేచింది. ఎవరో చెత్త పోగేసి అంటించారు. పొగ ఎటు పోతోందో చూశాడు. అలవాటు. ఫ్యాక్టరీలో రోజూ గేటు దాటగానే తల ఎత్తి స్తంభం మీది గాలిసంచి చూసేవాడు, గాలి ఎటు వీస్తోంది, ఏదైనా లీకయితే ఎటు పరిగెత్తాలి. సెలవు రోజుల్లో బీచికి వెళ్ళినా ముందు గాలే చూసేవాడు. పెళ్ళిపందిట్లో కూర్చున్నా అగ్నిహోత్రపు పొగ ఎటు పోతోందో చూసేవాడు. ఇప్పుడు గాలి మెట్ట మీద నుంచి ఊళ్ళోకి వీస్తోంది. ఆ మెట్ట మీద ఇవాళ జీడితోటలున్నాయి, సరుగుడు తోటలున్నాయి, వాటి మీదుగా వచ్చే గాలికి ఎండుటాకుల వాసన తప్ప ఏమీ లేదు. ఫ్యాక్టరీ అక్కడే. గాలి ఇటే. ఈ లెక్క జీపు మీద నిలబడ్డప్పుడు గుర్తుకే రాలేదు. అప్పుడు తను చప్పట్ల లెక్కలో ఉన్నాడు.

వాసన అంటే శివాజీ. శివాజీ గురించి ఎన్నికల మీటింగులో ఎప్పుడూ చెప్పలేదు. లక్ష్మీనరసింహం గారికి ఒకసారి చెబితే, ఇది వాడుకోవచ్చునోయ్ అన్నారు, అంతటితో మళ్ళీ నోరెత్తలేదు. ఫ్యాక్టరీలో తను చెప్పే క్లాసులో అందరికన్నా బాగా పాఠం అప్పజెప్పినవాడు శివాజీ. పాఠం ఏమిటంటే, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే భయపడండి, కాని ఆ వాసన ఉన్నట్టుండి ఆగిపోతే ఇంకా భయపడండి, గాలి బాగుపడి ఆగలేదు, మీ ముక్కు చచ్చిపోయి ఆగింది. శివాజీ లేచి నిలబడి, నవ్వుతూ, పొల్లు పోకుండా చెప్పాడు, అందరూ బల్లలు చరిచారు. వానాకాలం, పొద్దున్న షిఫ్టు. మురుగు తొట్టి దగ్గర వాసన వేసిందని కబురొస్తే శ్యాంప్రసాద్ గ్యాసు ముసుగు తగిలించుకుని గోడ ఇవతల నుంచి పరిగెడుతున్నాడు. అవతల నుంచి శివాజీ గొంతు వినబడింది, వాసన పోయింది సార్, ఇంక పర్లేదు. ఎంత నిశ్చింతగా అన్నాడో. చెవుల్లో ఉన్నది అరుపు అయితే ఎప్పుడో అరిగిపోయేది, అది నిశ్చింత కాబట్టి అరగలేదు. ముసుగులోంచి తను కేక వేశాడు. ఆ కేక తనకే సరిగ్గా వినబడలేదు.

తర్వాత శివాజీ చావు మీద విచారణ, తర్వాత ఉద్యోగం మానెయ్యడం, ఆ మానెయ్యడాన్ని పేపరువాళ్ళు త్యాగంగా రాయడం, పార్టీవాళ్ళు వెతుక్కుంటూ రావడం. చదువుకున్నవాడు, ఈ నేల మీద పుట్టినవాడు, పేరు చెడనివాడు. నిజానికి అది త్యాగం కాదు. ముక్కు మీద నమ్మకం పోయి మానేశాడు. ఫ్యాక్టరీ లోపల ఏ వాసనా లేనప్పుడల్లా ఊపిరి బిగపట్టేవాడు, కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, ఎవరైనా గదిలోకి వచ్చి వాళ్ళు మామూలుగా ఊపిరి పీలుస్తున్నారని చూసేదాకా.

జీపు మీద, ఆ చప్పట్లలో, తనకి భయం వెయ్యలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఏ మూలా భయం లేదు. ఇప్పుడు అర్థమవుతోంది అదేమిటో, వాసన ఉన్నట్టుండి ఆగిపోవడం లాంటిదే అది. అర్థమయ్యేసరికి కారులో గాలి చాలనట్టయింది, అద్దం దించాడు, వేడి మొహాన కొట్టింది.

అద్దం దించగానే మాటలు కూడా లోపలికి వచ్చాయి. గుడికి ఇవతల బైకుల మీద కొందరు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు, ఇంటర్లూ డిగ్రీలూ అయినవాళ్ళు. వాళ్ళల్లో ఒకడు కిందటివారం దగ్గరికి వచ్చి అడిగాడు, ఫ్యాక్టరీ రాకపోతే మాకేటి పని సార్, మీరు మాత్రం అందులోనే కదా సంపాదించేరు. ఎగతాళిగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. లక్ష్మీనరసింహం గారు అడ్డొచ్చి ఏదో చెప్పి పంపేశారు. కాని ప్రశ్న వెళ్ళలేదు. కూర్మన్నపాలెం ఫ్లాటు, ప్రత్యూష స్కూలు, అమ్మ కళ్ళ ఆపరేషను, ఇప్పుడు కూర్చున్న ఈ కారు, అన్నీ ఆ వాసన పెట్టినవే. ఫ్యాక్టరీలన్నీ చెడ్డవనే అభిప్రాయం తనకి లేదు. మందులు ఎక్కడో ఒకచోట తయారవ్వాలి. మంచి జాగ్రత్తలుంటే, తనిఖీకి వచ్చేవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోకుండా ఉంటే, అని ఒక వాక్యం మొదలవుతుంది, దాని చివరికి తను ఎప్పుడూ చేరుకోలేదు. మరి తన అభిప్రాయం ఏమిటి. రాకూడదనా. వచ్చినా పర్లేదనా. నెలలుగా ప్రతి సెంటర్లోనూ అభిప్రాయాలు చెబుతున్నవాడు ఒక్కటి, ఒకే ఒక్కటి, ఎవరూ వినకపోయినా తనకి ఉండేది, ఏదని వెతికాడు. రోడ్డు, సరే, వడ్డాది దారిలో నడుం విరిగింది కాబట్టి రోడ్డు నిజం. చెరకు ధర, తాత చెరకు నరికినవాడే, అయినా ఆ వాక్యం లక్ష్మీనరసింహం గారిది. ఆసుపత్రి, అది ఇన్‌ఛార్జి చెప్పమన్నది. ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే ప్రతిదాని వెనకా ఎవరో ఒకరి చేతిరాత. అన్నీ తీసేశాక ఏం మిగిలింది. చీకటి గదిలో గోడ తడుముకున్నట్టు తడుముకున్నాడు, చెయ్యి ఎంత దూరం చాపినా గోడ తగలకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. లోపల ఎవరూ లేరేమో. ఇల్లు అద్దెకిచ్చి, అద్దెకొచ్చినవాడూ ఖాళీ చేసి వెళ్ళిపోయాడేమో. గెలిస్తే ఈ ఖాళీయే శాసనసభలో కూర్చుంటుంది, చెయ్యెత్తమంటే చెయ్యెత్తుతుంది.

ఒకటి మాత్రం చేతికి తగిలింది. భయం. అది ఎవరూ రాసిచ్చింది కాదు. ఈ గాలి ఈ మెట్ట మీద నుంచి ఈ ఇళ్ళలోకి ఎలా దిగుతుందో తెలిసినవాడి భయం. దాని మీద ఇంకెవరి చేతిరాతా లేదు. ఇంత చిన్నదా, ఇంత పనికిమాలినదా మనిషి సొంత ఆస్తి, అనుకున్నాడు. దీన్ని పట్టుకుని ఎన్నికల్లో ఎవడు నిలబడతాడు.

కారు తలుపు మీద వేళ్ళతో తట్టారు. అచ్చియ్యమ్మ. తలస్నానం చేసి వచ్చింది, తడిజుట్టు ముడి వేసుకుంది. రా బాబూ, ఎండ వాలింది అంది. దిగాడు. చెప్పులు కారు దగ్గరే విడిచాడు, నేల ఇంకా చురుక్కుమంది. కారుకీ గుడికీ మధ్య దూరం ఇందాక చూసినప్పుడు కొంచెమే అనిపించింది. ఇప్పుడు జనం రెండు పక్కలా జరిగి దారి ఇస్తుంటే ఎంతకీ తరగలేదు. ఎవరూ దండం పెట్టమని పిల్లల్ని ముందుకి తొయ్యలేదు, సెల్ఫీ అడగలేదు. ఫోన్లు మాత్రం పైకి లేచాయి, వరసగా, చేతులు చాచినట్టు. లక్ష్మీనరసింహం గారు పక్కకొచ్చి చెవిలో, డ్రాఫ్టు గుర్తుందిగా అన్నారు. తల ఊపాడు. జేబులో ఫోన్ ఒకసారి అదిరి ఆగింది.

పందిరి కింద చల్లగా ఉంది. లోపల అమ్మవారికి పసుపు రాశారు, వెండికళ్ళు తప్ప మొహంలో ఏమీ కనబడడం లేదు. అచ్చియ్యమ్మ స్టీలు పళ్ళెంలో కర్పూరం పెట్టి అగ్గిపుల్ల గీసింది. మంట నిటారుగా లేచింది. పళ్ళేన్ని అతని ముందుకి పట్టి, అను బాబూ అంది, ఏమనాలో ఒక్కొక్క ముక్కే అందిస్తూ, మందుల ఫ్యాక్టరీని ఈ ఊళ్ళోకి రానివ్వను, అని. అతను నోరు తెరిచాడు. నాలిక మీదకి ముందు వచ్చింది నున్నటి వాక్యం, ఈ ఊరికి చెడు చేసేది. దాన్ని పళ్ళ వెనకే ఆపాడు. చెయ్యి పైకి లేచింది గాని మంట దాకా వెళ్ళకుండా గాలిలోనే నిలబడిపోయింది, అందరూ చూస్తున్నారు, ఫోన్లు చూస్తున్నాయి.

అచ్చియ్యమ్మ మంటని చూడడం లేదు, అతన్నే చూస్తోంది.

"బయమేస్తందా?" అంది.

"ఏస్తంది," అన్నాడు. ఆ మాట ఆ యాసలో తన నోటి నుంచి వచ్చి ఎన్నేళ్ళయిందో.

"మంచిదే. కిందటిసారి రోడ్డేయిస్తానని ఒకాయన వచ్చేడు. నవ్వుకుంటా ఆర్పీసి, సెయ్యి దులుపుకుని ఎల్లిపోయేడు." జనంలో కొందరు నవ్వారు, సంతోషపు నవ్వు కాదు. ఆమె నవ్వలేదు. "నీకు బయముంది గనక ఆలోసించుకునే ఆర్పు. మానీసినా మేవేటీ అనం. నువ్వు ఒగ్గీసిన సగాన్ని నేనే తల్లికి సెప్పుకుంటాను."

ఇది అతను అనుకోలేదు. బలవంతం చేస్తారనుకున్నాడు, బలవంతం చేస్తే దానికి లొంగవచ్చు, లేదా దాని మీద కోపం తెచ్చుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరూ పట్టుకోని చెయ్యిని ఏం చెయ్యాలి. వెళ్ళిపోవచ్చు నిజంగానే. కారు అక్కడే ఉంది. తప్పు లేదు. ఊరు దాటి కొత్తూరు జంక్షన్ చేరేసరికి పాట మళ్ళీ మొదలవుతుంది, పాటలో ఉన్నతను తిరిగొస్తాడు. కాళ్ళు వెనక్కి తిరుగుదామని అనుకున్నాయి కూడా, అది అతనికి తెలిసింది, మడమల్లో. కాని ఆ భయం ఉంది చూశారా, ఇందాక కారులో చేతికి తగిలింది, అది వెనక్కి రావడం లేదు. అక్కడే, పళ్ళెం ముందే, కూర్చుంది.

"అమ్మా," అన్నాడు. మైకు లేదు, ముందు వరసకి తప్ప వినబడి ఉండదు. "రానివ్వనని ఎయ్యలేను. ఆరోజు అనకుండా ఉండాల్సింది. ఆపడం నా ఒక్కడి వల్ల అవదు."

"మరేటేస్తావు?"

"మందుల ఫ్యాక్టరీకి సరేనని నా నోటితో అనను. సంతకం పెట్టను, సెయ్యెత్తను. ఎవరు అనమన్నా అనను. అది ఒక్కటీ నా వల్లవుద్ది."

వెనక ఎవరో, ఏటన్నాడు, ఏటన్నాడు అన్నారు. మాట చేతులు మారుతున్న నీళ్ళబిందెలా వరస వెంట వరస వెనక్కి వెళ్ళింది, వెళ్ళే కొద్దీ తగ్గిపోతున్నట్టుంది. అంతేనా, అన్నారెవరో. బైకుల దగ్గరి కుర్రాడు అక్కణ్ణుంచే గట్టిగా అడిగాడు, మరి మా సంగతేటి సార్ అని. శ్యాంప్రసాద్ అతని వైపు తిరిగి, నాకింకా తెలీదు తమ్ముడూ అన్నాడు. ఇలాంటి జవాబు ఏ మీటింగులోనూ చెప్పలేదు. లక్ష్మీనరసింహం గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నారు. జేబులో ఫోన్ మళ్ళీ అదరడం మొదలుపెట్టింది, ఈసారి ఆగలేదు. ఎక్కడా చప్పట్లు లేవు. పందిరి రేకులు ఎండ తగ్గి టక్కుమంటున్న చప్పుడు వినబడుతోంది.

కర్పూరం సగానికి కరిగింది. అచ్చియ్యమ్మ ఏదో బేరీజు వేస్తున్నట్టు అతని మొహం వైపే చూసింది.

"సిన్న మాటే," అంది చివరికి. "సిన్నదైతే మొయ్యగలవు."

కొంగు ముడి విప్పి ఇంకో బిళ్ళ తీసి పళ్ళెంలో వేసింది. మంట మళ్ళీ లేచింది. ప్రత్యూష జడ గుర్తొచ్చింది, ఆటో గుర్తొచ్చింది, ఇన్‌ఛార్జి బీరువా గుర్తొచ్చింది, ఒక్కొక్కటీ వచ్చి తనతో పాటు పళ్ళెం ముందు నిలబడ్డాయి. భయం ఇసుమంతైనా తగ్గలేదు. శ్యాంప్రసాద్ మరిడమ్మ పేరు చెప్పి, ఆ చిన్న మాటని మొదటి నుంచి చివరిదాకా వెనక వరసకి వినబడేటట్టు ఒక్కసారి అని, అరచెయ్యి మంట మీద ఆనించాడు.